పెళ్లికి తోడు

కల్లూరులో ఒక వెల్డింగ్ షెడ్డు ఉంది. ఆదివారం సాయంత్రం తాగుడు మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు అక్కడ కూర్చుంటారు. డాక్టరు ఉండడు, ప్రార్థన ఉండదు. అన్ని మతాలవాళ్లూ వస్తారు కాబట్టి దేవుడి మాట గుమ్మం బయటే ఆపేస్తారు. పత్రికలో ఉద్యోగం అయిపోయాక, వాళ్లు ఒప్పుకున్నారు కనుక నేనూ ఒక మూల కూర్చునేవాణ్ణి. వీళ్లు ఒకరికొకరు ఏమవుతారన్నది నాకు అంతుపట్టేది కాదు.

వాళ్లకొక ఆనవాయితీ ఉంది. ఎవరింట పెళ్లి జరిగినా ఇంకొకరు తోడు వెళ్తారు. తోడు వెళ్లినవాడు 'తాగొద్దు' అనకూడదు. 'పద, టీ తాగుదాం' అనాలి, అంతే.

వాళ్లలో ఒక తాపీమేస్త్రీ కూతురి పెళ్లి రాజంపేట దగ్గర వాళ్ల సొంతూరి చర్చిలో కుదిరింది. "నాన్నా, ముందురోజు తాగినావంటే నేను మామ చెయ్యి పట్టుకొని చర్చిలోకి వస్తా" అని ఆ పిల్ల తేల్చి చెప్పిందట. తోడుగా కల్లూరు కిరాణా కొట్టాయన బయల్దేరాడు. నేనూ బస్సెక్కాను.

ముందురోజు మధ్యాహ్నం షామియానా కింద పొట్టేలు కూరతో విందు. కొట్టాయన మాంసం ముట్టడు. పెరుగన్నం పెట్టించుకుని మేస్త్రీ పక్కనే కూర్చున్నాడు. మేస్త్రీ బావమరిది ఉండబట్టలేకపోయాడు.

"ఏం బావా, ఈయప్ప నీకేమయితాడు? పొద్దున్నుంచీ నీ యెంటే తిరుగుతాండాడు!"

మేస్త్రీ తడబడ్డాడు. "అన్న."

"పెరుగన్నం తినే అన్న యాడ దొరికినాడు నీకు?"

పంక్తి అంతా నవ్వింది. ఆ నవ్వులోనే బావమరిది సీసా తెచ్చాడు. మర్యాద తెలిసినవాడు, మొదటి గ్లాసు అతిథికే అందించాడు. "పెద్దాయన మొదలుపెట్టాల. అప్పుడే మా బావా తాగుతాడు."

ఇది మేం ఎవరం ఊహించలేదు. కొట్టాయన వద్దనలేదు. గ్లాసు వైపే చూస్తున్నాడు. ఆయన తాగుడు మాని చాలా ఏళ్లయిందని తెలుసు. ఆ చూపు ఇంకా మిగిలే ఉంటుందని నాకు తెలియదు.

మేస్త్రీ ఎంగిలి చేత్తోనే లేచాడు. "పద అన్నా, టీ తాగుదాం."

రోడ్డు మీది టీ కొట్టుకు ముగ్గురం నడిచాం. ఒకటి తాగి, రెండో టీ కూడా చెప్పాం.

"పెరుగన్నం అట్లే ఇడిచిపెట్టొస్తినే" అన్నాడు కొట్టాయన.

"నేను పొట్టేలు కూర ఇడిచిపెట్టొచ్చినా. నీదేం పోయిందిలే!"

మర్నాడు చర్చి గుమ్మం దగ్గర పెళ్లికూతురు మేలిముసుగు సర్దుకుంటున్నట్టుగా తండ్రి ముఖం దగ్గరికి వంగింది. ఒక్క క్షణం ఊపిరి పీల్చి చూసింది. తర్వాత చెయ్యి అందించింది.

చెప్పులు విప్పాలో లేదో తెలియక కొట్టాయన బయటే నిలబడిపోయాడు. లోపల ముందు బెంచీ నుంచి బావమరిది గొంతు వినిపించింది.

"జరగండప్పా, మా బావ వాళ్లన్న వస్తాండాడు."