సన్నాయిని చూసి బెదిరిన సరిహద్దు

నాదస్వర విద్వాంసులు సూరయ్యగారు ఇక లేరన్న దుర్వార్త మొన్న ఉదయం తిరువూరు బస్టాండులో విన్నాను. భుజాన ఉన్న డోలు దించేశాను. ఆయన పక్కన డోలు వాయిస్తూ పెరిగినవాణ్ణి.

నెమలి ఊళ్లో వేణుగోపాలస్వామి కల్యాణంలో ఆయన ఆనందభైరవి అందుకుంటే జనం ప్రసాదం సంగతి మరిచేవారు. ఎవరితోనూ బేరమాడి ఎరగరు. "తాంబూలంలో ఏం పెడితే అది కళ్లకద్దుకోవడమే మన పద్ధతిరా," అనేవారు. ఆ పద్ధతే కొంప ముంచింది.

నిరుడు ఒక పరదేశంలోని తెలుగువారు తమ కొత్త గుడిలో స్వామి కల్యాణానికి ఆయన్ని ఆహ్వానించారు. జన్మలో ఏదీ కోరని మనిషి, ఆ ఒక్కటి కోరుకున్నారు. అయితే పరాయివాణ్ణి ఇక్కడే జల్లెడ పట్టిగాని ఆ దేశం విమానం ఎక్కనివ్వదు. దేశరక్షణట! ఉగ్రవాద ముఠాల్లో చేరారా, మారణాయుధాలు పట్టారా అని డెబ్బై దాటిన ఆ సాధుమూర్తిని అడిగారు. సిగ్గులేని ప్రశ్నలు.

బస్టాండు దగ్గర వీసాల దుకాణం నడిపే ఘనుడొకడు యాత్రికుడి దరఖాస్తు పెట్టించి, జవాబులు బట్టీ వేయించబోయాడు.

"సన్నాయి ఊసెత్తకండి పెద్దాయనా. ఊళ్లు చూడ్డానికి వెళ్తున్నానని చెప్పండి, చాలు."

"చూడ్డానికి కాదు గదండీ, వాయించడానికి పోతున్నాను," అన్నారు గురువుగారు.

హైదరాబాదులో అద్దం వెనక కూర్చున్న వీసా అధికారికీ అదే చెప్పారు. వాయిస్తే డబ్బు పుచ్చుకుంటారా అని అతగాడు అడిగాడట.

"నేను అడగనండి. తాంబూలంలో పెట్టి ఇస్తే మాత్రం కాదనకూడదు."

యాత్రికుడు సంపాదించకూడదట. వీసా నిరాకరించారు. బట్టీ పట్టిన అబద్ధాలన్నీ దర్జాగా విమానమెక్కుతుంటే నిజం చెప్పినవాణ్ణి ఆపారు. గింజ పారబోసి పొల్లు దాచుకునే ఆ చెరుగుడుకి భద్రత అని పేరు.

మన ఊరేం తక్కువ తిన్నది? "ఏదో లొసుగు లేందే ఆపుతారా?" అని టీ బడ్డీల దగ్గర గుసగుసలాడింది. పెళ్లిపిలుపులు తగ్గాయి. "నన్ను దొంగను చూసినట్టు చూశార్రా," అన్నారు గురువుగారు నాతో ఒకసారి. ఆ తర్వాత సన్నాయి ముట్టలేదు.

నిన్న బస్టాండు ఎదుట ఫ్లెక్సీ వెలిసింది. అశ్రునివాళి. అందులో గురువుగారి కన్నా వీసాల ఘనుడి బొమ్మే పెద్దది. కింద "విదేశాల్లో సైతం నాదామృతం కురిపించిన మహావిద్వాంసుడు" అని అచ్చు వేయించాడు. వెళ్లి అమ్మగారికి చెప్పాను. గురువుగారి భార్య ఆవిడ.

"దాన్ని దింపించు నాయనా," అన్నారు. "ఒక్క అబద్ధం చెప్పలేకే కదా ఆయన ఆ దేశం పోలేకపోయింది."

నిచ్చెన వేసుకుని నేనే దింపాను. ఆ పుణ్యపురుషుడికి నా నివాళి అదే. ఇక నా డోలు ఎవరి పక్కన మోగాలో తెలియడం లేదు.