నలగని బంతి

ఆగిరిపల్లి మామిడి తోటల ఆసామి తిరుపతిరావు గారికి ఒకటే జబ్బు. మద్రాసు రాష్ట్రంలో ఎవడు పేరు తెచ్చుకున్నా వాడు మనవాడే. ఎవడు చెడ్డపేరు తెచ్చుకున్నా వాడు విస్సన్నపేట వాడు. ఒకసారి సైకిలు ఎత్తుకుపోయిన దొంగ సాక్షాత్తూ ఆయన తోట కాపరే అని తేలింది. వాడి అమ్మమ్మది విస్సన్నపేట అని తేల్చేదాకా ఆయన నిద్రపోలేదు.

స్వరాజ్యం వచ్చిన ఏడాది, ఆయన పాలేరు సాంబయ్య కొడుకు పెద్దిరాజు మద్రాసులో ఓ ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరయ్యాడు. పటాలంలో నేర్చుకున్న ఆట అది. ఇక కాఫీ హోటల్లో జనానికి చెవులు మిగల్లేదు.

"మన నీళ్ళ మహిమండీ. వాణ్ణి దాటి బంతి పోదు."

"తమరు ఫుట్‌బాల్ ఎప్పుడైనా చూశారా అండీ?" అన్నారు కృష్ణమూర్తి మాస్టారు.

"మనవాణ్ణి చూశాను. చాలదా?"

మరుసటి వేసవి ఫైనల్లో మనవాడు కొంప ముంచాడు. బంతి చక్కగా చేతుల్లోనే పడింది. కానీ అవి చిన్నప్పటి నుంచి చెట్టు కింద నిలబడి, పైనుంచి వదిలిన రసాలు పట్టిన చేతులు. కాయ నలగకూడదంటే అరచేతులు దానితోపాటే వెనక్కి తగ్గాలి. నలిగిన కాయ కంటపడితే తిరుపతిరావు గారు ఆ పూట ఎవరికీ అన్నం సహించనిచ్చేవారు కాదు. పెద్దిరాజు బంతిని కూడా అంతే సుతారంగా వెనక్కి తీసుకుని, గీత దాటించి లోపల పెట్టాడు. జట్టువాళ్ళు ఇంటికి పొమ్మన్నారు.

బెజవాడ బస్సులో వస్తున్నంతసేపూ అతనికి ఒకటే బెంగ. ఆట పోతే పోయింది. ఈపాటికి అయ్యగారు తనని విస్సన్నపేటకి రాసిచ్చేసి ఉంటారు. ఇక ఆ తోటలో నాన్న తలెత్తుకు తిరగలేడు.

బస్సు దిగేసరికి హోటల్ ముందు ఊరంతా వినోదానికి సిద్ధంగా ఉంది.

"ఇంతకీ ఇతనిది ఏ ఊరండీ?" అని మాస్టారు మొదలుపెట్టారు.

తిరుపతిరావు గారు ఆయన వంక చూడలేదు. "ఏం జరిగిందిరా?"

"కాయని పట్టినట్టు పట్టానండయ్యా. అలవాటు కొద్దీ చేతులు వెనక్కి పోయాయండి."

"అయితే తప్పు నాది," అన్నారాయన. ఆ నోట ఆ మాట అంతకుముందు విన్నవాళ్ళు లేరు. "మాస్టారూ, వీడు మనవాడే. వేరే ఊరివాడైతే అంత నాజూగ్గా ఓడిపోతాడటండీ?"

పెద్దిరాజు పెట్టె తానే లాక్కుని బండిలో పడేశారు.

"రేపటి నుంచి కోతలు. చెట్టు కింద నిలబడు. ఈసారి మొరటుగా పట్టాలి. చేతులు వెనక్కి పోయాయో, ఊరుకోను."

"కాయలు నలుగుతాయండయ్యా."

"నలగనీ. మా ఆవిడ తాండ్ర పోస్తుంది. చేతులు దారికొచ్చాక మద్రాసు వెళ్ళి ఆడుదువుగాని."

ఆ ఏడు తిరుపతిరావు గారి చుట్టాలెవరికీ రసాల బుట్టలు అందలేదు. అందరిళ్ళకీ తాండ్రే వెళ్ళింది.