ఆరులో రెండు మూళ్లు

రిటైరై బస్సు దిగి చాలా కాలమైనా కండక్టరమ్మకు టికెట్టు అడిగే చూపు పోలేదు. మెట్లెక్కేవాళ్లు ఎవరింటికి, ఏం పని మీద, ఆ సంచీలో ఏముంది, అన్నీ ఆవిడకు కావాలి. "మీకెందుకండీ ఇవన్నీ?" అని ఎవరైనా విసుక్కుంటే, "తెలుసుకుంటే మీదేం అరిగిపోతుంది?" అంటుంది.

ఈమధ్య ఆవిడ ఆరా హాల్లో గోడకున్న వైఫై పెట్టె మీదికి మళ్లింది. ఊరికే మళ్లలేదు. కోడలి పని దాని మీదే నడుస్తుంది. ఆసుపత్రికి వచ్చిన వినపడనివాళ్లు చేతులతో చెప్పేది టాబ్లెట్‌లో చూసి, కోడలు ఇంట్లోంచే డాక్టరుకు నోటితో చెబుతుంది. డాక్టరు మాటను తిరిగి చేతులతో వాళ్లకు చెబుతుంది. ఫోన్లో మాట తెగితే కాస్తో కూస్తో ఊహించుకోవచ్చు. చెయ్యి గాల్లో ఆగిపోతే ఏమని ఊహిస్తాం?

మధ్యాహ్నమైతే చాలు, తెర మీద బొమ్మ బిగుసుకుపోతోంది. పెట్టె ఆపి వెలిగించారు, బీరువా పక్కనుంచి తీసి ఎత్తులో పెట్టారు. కంపెనీకి ఫోన్ చేస్తే "మా వైపు అంతా బాగానే ఉంది మేడమ్" అన్నారు. వాళ్ల వైపు ఎప్పుడు బాగాలేదు కనుక!

"ఎవరో టికెట్టు లేకుండా ఎక్కారు," అని తేల్చింది కండక్టరమ్మ. "మన నెట్టు ఎవరో వాడేస్తున్నారు. లేకపోతే ఇంత రద్దీ ఎందుకుంటుంది?"

సెట్టింగుల పేజీ ఎలా తెరవాలో కోడలి దగ్గర అంతకుముందే నేర్చుకుంది. మర్నాడు మధ్యాహ్నం కళ్లజోడు పెట్టుకుని అందులో దిగింది. కొడుకు ఫోను ఉంది, కోడలి ఫోను ఉంది, తన ఫోను ఉంది, టీవీ ఉంది. చివర్లో పేరు లేకుండా అంకెలూ అక్షరాలూ కలగలిసిన శాల్తీ ఒకటి.

"దొరికావురా!" అని బ్లాక్ నొక్కేసింది.

లోపలి గదిలోంచి కోడలి కేక వినపడింది. ఆ పేరులేనిది మరేదో కాదు, ఆఫీసువాళ్లిచ్చిన టాబ్లెట్టే.

కోడలు బయటికొచ్చి అరవలేదు. అరిచినా బాగుండేది.

"మీరు దించేసింది దొంగని కాదత్తయ్యా, నన్ను. నాతోపాటు తెర మీదున్న జబ్బు మనిషిని. 'మందు వద్దు' దాకా చెప్పింది, తెర పోయింది. మిగతా మాట వినకుండానే డాక్టరు 'రోగి మందు వద్దంది' అని రాసేసుకున్నాడు."

"మళ్లీ కలపరా?"

"రేపు మధ్యాహ్నం ఇంకొక్కసారికి ఒప్పించాను. రేపూ ఆగిందంటే నా బదులు మరొకళ్లని చూసుకుంటారట. నా పని సరే, ఆవిడ జబ్బు మాటేంటి?"

కండక్టరమ్మ కళ్లజోడు తీసేసింది. "తప్పు నాదే, ఒప్పుకున్నాను. కానీ ఇవాళంటే నేను. ఇన్నాళ్లూ ఆపిందెవరు?" అంది.

కోడలికి కోపంలోనూ ఆ ప్రశ్న నచ్చింది. టాబ్లెట్టు మీది బ్లాక్ తీసేసి, ఫోన్లో ఒక యాప్ తెరిచి చూపించింది. చుట్టుపక్కల వైఫైలన్నీ తెర మీద గుడారాలు వేసినట్టు, ఒకదాని మీదొకటి.

"ఈ అడుగున అంకెలేంటే?"

"ఛానెళ్లత్తయ్యా. గాల్లో దారులు. పేరుకి బోలెడున్నాయి గానీ, ఒకదానికొకటి తగలకుండా ఉండేవి ఒకటి, ఆరు, పదకొండు."

"అంటే నంబర్లు ఎక్కువేశారు, సీట్లు మూడే! మనమెక్కడ?"

"ఒకటిలో."

"మరి మూడో నంబరు మీద కూర్చుని, ఒక కాలు మన సీట్లోకి, ఇంకో కాలు ఆరు సీట్లోకి చాపినవాడెవడు?"

కోడలు పేరు చదివి నవ్వింది. "కిందింటి మాస్టారు. మధ్యాహ్నం ఆయన నెట్లో పాఠాలు చెబుతారు. ఒకే ఛానెల్లో ఉన్న పెట్టెలు వంతులేసుకుని మాట్లాడతాయి. ఇలా సగం సగం ఆనుకున్నవి ఒకదాని మాట ఒకదానికి అర్థంకాక ఒకేసారి అరుస్తాయి."

పొద్దున్నే కండక్టరమ్మ కిందికి దిగింది.

"మాస్టారూ, మీరు ఛానెల్ మార్చాలి."

"మా ఇంట్లో టీవీయే లేదమ్మా!"

వైఫై సంగతని చెప్పాక ఆయన ముఖం ముడుచుకుంది. "మూడు నేను కావాలని పెట్టుకున్నది. నాకు కలిసొచ్చిన అంకె. నా పెట్టె, నా ఇష్టం."

"పెట్టె మీదే మాస్టారూ. గాలికి పట్టా ఎవరిచ్చారు? పైన మా కోడలు ఒక జబ్బు మనిషి మాట డాక్టరుకు చేరవెయ్యాలి. ఆ మనిషికి ఉన్న దారి అదొక్కటే."

"అయ్యో పాపం, కాదనను. కానీ మూడు వదులుకుంటే..."

అదృష్టం ఒక అంకెలో ఉంటుందని నమ్మే మనిషితో వాదించి గెలిచినవాళ్లు లేరు. కండక్టరమ్మ వాదన మానేసింది.

"ఆరుకి మారండి. ఆరులో మూళ్లెన్ని?"

"రెండు."

"మరింకేం, రెట్టింపు కలిసొస్తుంది!"

మాస్టారు ఆవిడ వంక అనుమానంగా చూశాడు. వేళాకోళమని తెలుసు, లెక్క తప్పనీ అనలేడు. నవ్వాపుకుంటూ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "పాఠం ఆగిందో, మళ్లీ మూడే!"

"ఆగితే నన్నడగండి."

మధ్యాహ్నం కోడలు గది తలుపేసుకుంది. మాస్టారి పాఠం కింద మొదలైంది. కండక్టరమ్మ హాల్లో పెట్టె మీది పచ్చదీపాలకేసి చూస్తూ కూర్చుంది. వాటిని ముట్టుకునే ధైర్యం మాత్రం చెయ్యలేదు. లోపల చాలాసేపు చడీచప్పుడూ లేదు. మళ్లీ ఆగిందేమోనని లేవబోయింది.

అప్పుడు కోడలి గొంతు వినపడింది. ఎప్పుడూ లేనంత గట్టిగా, ఎవరితోనో తగవు పడుతున్నట్టు.

"నేను మందు వద్దనలేదు డాక్టరుగారూ! 'మందు వద్దు అనడం లేదు, ఎలా వేసుకోవాలో నాకర్థమయ్యేలా చెప్పండి' అన్నాను. మీరే వినకుండా లేచిపోయారు!"

కండక్టరమ్మ ఉలిక్కిపడింది. ఆ కోపం తన కోడలిది కాదని, చేతులతో చెబుతున్న ఆ జబ్బు మనిషిదని అర్థం కావడానికి ఆవిడకు కాస్త సమయం పట్టింది.