బర్రె అని చెప్పడం మరిచాను

తుర్కపల్లి ల్యాబ్‌లో చేరిన కొత్తలో, కంపెనీ క్యాబ్‌లో ఉండగా గౌడవెల్లి నుంచి నాయిన ఫోన్ చేశాడు. "బర్రె కడుపు ఉబ్బింది, మేత ముడ్తలేదు. డాక్టర్ సాయంత్రం గాని రాడంట. జర నెట్ల సూడు బిడ్డా."

కంగారుగా ఓ విజ్ఞాన సర్వస్వం సైటు తెరిచి, మైకు నొక్కి, "కడుపు ఉబ్బింది, తిండి సయించడం లేదు" అన్నాను. ఫోన్ గట్టిగా చదవసాగింది: "గర్భధారణ లక్షణాలు..."

క్యాబంతా నా వైపు తిరిగింది. డ్రైవర్ నా మీసాలు చూసి, "ఎన్నో నెలనే అన్నా?" అన్నాడు.

"బర్రె కడుపుబ్బరం" అని మళ్లీ వెతికితే అసలు పేజీ వచ్చింది. డాక్టర్ వచ్చేదాకా ఏం చేయాలో నాయినకు చదివి చెప్పాను. బర్రె బతికింది.

ఇప్పుడు ఏం వెతికినా ముందు కడుపు ఎవరిదో చెబుతాను. ఆ డ్రైవర్ మాత్రం స్పీడ్ బ్రేకర్ రాగానే అద్దంలో నన్ను చూసి, బండి మెల్లగా దాటిస్తాడు.