అర్జీ వెనకవైపు

ఆ రోజుల్లో దేశాన్ని బాగుచేసే పని మా ఊరు నగరిలో, మగ్గాల వీధి చివర, ఒక మేడ మీద జరిగేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. చేసేవారు మాజీ సారు. (ఏదో కార్పొరేషన్‌కు ఛైర్మన్‌గా ఉన్నది పదకొండు నెలలే, మాజీగా మాత్రం ఇరవై ఏళ్ల సర్వీసు.) జాతీయ రాజకీయాల మీద, పరిపాలన మీద, సంస్కరణల మీద తన ఆలోచనలన్నీ పుస్తకంగా తేవాలని, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న నన్ను రాసిపెట్టడానికి కుదుర్చుకున్నారు. ఆయన ఒక్కసారి నిట్టూరిస్తే నా ముందున్న కాగితాలు పుత్తూరు దాకా ఎగిరేవి. నేనేమో పార్లమెంటు మొత్తం నా పెన్ను కొసన ఆగి ఉందనుకుని తల దువ్వుకోవడం కూడా మానేశాను.

"పొదుపు మన టేబులు మీదే మొదలవ్వాలప్పా" అనేవారాయన. అందుకని చిత్తుప్రతులన్నీ జనం ఇచ్చిపోయిన పాత అర్జీల వెనకవైపు రాసేవాణ్ణి. ఏవి పాతవో, ఏవి ఇంకా పని జరగనివో వేరుచేయడం నా బాధ్యతే. (ఎంత బాగా వేరుచేశానో మీరే చూస్తారు.)

రోజూ పదింటికి ఒక అవ్వ మెట్లెక్కి వచ్చేది. యాభై ఏళ్లు మగ్గం దగ్గర దారాలు ముడివేసి ఆమె వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర మిషను ఆమెను గుర్తుపట్టక పెన్షన్ ఆగిపోయింది. ఆఫీసుకు సారు ఒక్క ఉత్తరం రాస్తే చాలునని అర్జీ ఇచ్చుకుంది.

"నా కాగితం యాడుండాది నాయనా?"

"సారు దేశం గురించి చెప్తా ఉండారవ్వా. రేపు రా."

"ఆ దేశంలో మా వీధి యాడన్నా తగుల్తాదేమో సూడమను" అని దిగిపోయేది.

లోపల సారు చెబుతూ ఉండేవారు: "రాసుకో. మనిషి ఫైలు దగ్గరికి నడవకూడదు. ఫైలే మనిషి దగ్గరికి నడవాలి." ఆ వాక్యం కింద నేను రెండు గీతలు గీశాను.

తిరుపతిలో ఒక సభలో ఆ వాక్యమున్న అధ్యాయం చదవమని సారును పిలిచారు. సాపు రాసే తీరిక లేక చిత్తుప్రతే చేతికిచ్చాను. వచ్చింది ముప్పై మంది. (ఊళ్లో మూడువేలని చెప్పాను.) ఫైలు నడిచే వాక్యం ముగించి, మాజీ సారు కాగితం తిరగేసి, అదే గొంతుతో చదివారు: "అయ్యా, నా వేళ్లు అరిగిపోయినాయి. మిషను నన్ను లేదంటా ఉండాది. నేనుండానని మీరొక్క మాట రాయండి."

చప్పట్లకు హాలు కప్పు లేచి కొండెక్కింది. సారు మాత్రం కాగితం అడుగున ఆగిపోయారు. అక్కడ ఒక్క గీతైనా లేని నీలిరంగు వేలిముద్ర. "ఈమె ఎవరప్పా?" అని మైకులోనే నన్నడిగారు. దానికీ చప్పట్లు కొట్టారు.

తిరుగుదారిలో కారులో అడిగారు. "ఎన్నిసార్లు వచ్చింది?"

"రోజూ వచ్చింది సార్."

"అప్పుడు నేను యాడుంటిని?"

"లోపలే సార్."

మర్నాడు పొద్దున్నే ఉత్తరం రాసి సంతకం పెట్టారు. పట్టుకుని పరుగెత్తాను. అవ్వ ఇంటికి తాళం. పక్కింటావిడ మగ్గం ఆపి చెప్పింది. "మొన్ననే పోయిందబ్బయ్యా. పోయే ముందు ఆరు దినాలు మంచం దిగలే. మీ మేడకు రాలేదని నువ్వు సూసుకోలేదా?"

చూసుకోలేదు. ఆ ఆరు రోజులూ అడ్డు లేక అధ్యాయం హాయిగా సాగిందని సంబరపడ్డాను.

పుస్తకం రాలేదు. సారు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తల దువ్వుకోవడం మానేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. (ఇప్పుడు దువ్వుదామన్నా జుట్టు లేదు.) ఈ నాలుగు ముక్కలూ కొత్త కాగితాల మీదే రాశాను. అయినా ప్రతిదాన్నీ ఒకసారి వెనక్కి తిప్పి చూసుకున్నాకే పెన్ను పెట్టాను.