పరదా ఇవతల నా డబ్బా

తాండూరులో నా దుకాణం బోర్డు మీద ‘రేడియో, టీవీ మెకానిక్’ అని రాయించుకున్నాను. మా ఆవిడ దాన్ని ‘మేక నిక్కు’ అని విడగొట్టి చదివేది. ఆ నిక్కు నాకు తగినదే అనిపించిన రోజు ఒక్కటుంది. ఎనభైల నడుమ, మా పక్క నాపరాళ్ల దుకాణం భాయ్ కూతురి నికా రోజు.

భాయ్ తల్లిని గల్లీ అంతా దాదీమా అనేది. నికా చదివేది గల్లీ ఆ చివర మగవాళ్ల షామియానాలో. ఆడవాళ్లుండేది ఈ చివర ఇంట్లో. అందరు పిల్లల పెళ్లిళ్లు చేసినా ఆమె ఒక్క నికానీ కళ్లతో చూడలేదు.

“మనవరాలిదన్న చూపియ్యి బేటా. మల్ల చూస్తనో, చూడనో.”

సరేననేశాను. ఎలాగన్నది తరవాత ఆలోచించాను. నా పద్ధతే అంత.

హైదరాబాదు నుంచి వీడియో కెమెరా అద్దెకు వచ్చింది. అంత దూరానికి సరిపడా యాంటెనా కేబుల్ దొరకలేదు. నా దగ్గరున్నది పాత టెలిఫోన్ తీగ, రెండు పోగులు జడలా పేనినది. తీగకు రెండు కొసలా ఒక్కో డబ్బా. షామియానాలో కెమెరాకు తగిలించిన డబ్బా బొమ్మను ఒక పోగులో ఉన్నదున్నట్టు, రెండో పోగులో తెలుపును నలుపుగా తిరగేసి పంపుతుంది. దారిలో రాళ్లు కోసే మిషన్ల కరెంటు గోల రెండు పోగులకూ ఒకేలా తగులుతుంది. ఇవతలి డబ్బా ఆ రెండింటి తేడాను మాత్రమే తీసుకుంటుంది కాబట్టి గోల పోయి బొమ్మ మిగులుతుంది. ఈ ఇవతలి డబ్బాను పాత బిస్కెట్ల డబ్బాలో నేనే కట్టాను.

చిక్కల్లా ఒకటే. టీవీ లోపల ఆడవాళ్ల దగ్గర, నేనూ నా డబ్బా వరండాలో పరదాకు ఇవతల. వాళ్లకు తెర ఎదురు, నాకు తెర అడ్డం. బొమ్మను చూడకుండానే సరిచేయాలి. చూసి చెప్పే పని దాదీమాది.

పెళ్లికూతురి తరఫున మాట్లాడే వకీలు, సాక్షులు ఆమె ఒప్పుదల అడిగి షామియానాకు బయల్దేరారు. నేను మీట నొక్కాను. లోపల ఒక్కసారిగా గొల్లుమన్నారు.

“అరె, గడ్డమంత తెల్లగున్నది! షేర్వానీ నల్లగున్నది!” దాదీమా గొంతు లేచింది. “నా మనవరాలిని గీ తాతకిస్తున్నరా? బొమ్మ గూడ నిలుస్తలేదు, జారుతున్నది!”

బొమ్మతో పాటు నా గుండె కూడా జారింది. తెలుపు నలుపైందంటే పోగులు తారుమారైనట్టే. కానీ గుర్తుకని ఒక పోగుకు ఎర్రదారం కట్టానే! వంగి చూస్తే రెండింటికీ ఎర్రదారముంది.

“రెండోదానికి దారం ఎవరు కట్టిన్రు?”

“నేనే అన్నా,” అంది పరదా వెనక ఒక ఆడగొంతు. “షాదీ ఇంట్ల ఒకదానికి కట్టి ఇంకోదాన్ని ఉత్తగ ఇడుస్తరా?”

దారం కనిపించగానే బిగించేసిన నన్ను నేనే తిట్టుకుని, పోగులు అటుదిటు మార్చాను.

“నల్లగైంది! గడ్డం నల్లగైంది! గని జర మబ్బుమబ్బుగున్నది, బేటా.”

మైకులో ఖాజీ గొంతు మొదలైంది. డబ్బాకు రెండు మరలు. ఒకటి బొమ్మకు బలమిస్తుంది, రెండోది దూరం తినేసిన అంచులను తిరిగి తెస్తుంది. మొదటిది సరిపోయింది. రెండోది తిప్పాను.

“ఇంక జర... ఆపు, ఆపు! పువ్వు పక్కన ఇంకో పువ్వు పుడుతున్నది!”

వెంట్రుకవాసి వెనక్కి తిప్పాను.

“ఆ... హారంల పూలు దేనికదే కనపడుతున్నయి. చెంప మీద పుట్టుమచ్చ గూడ. ఇగ ముట్టకు!”

చేయి తీసేశాను. పెళ్లికొడుకు ఒప్పుకుంటూ అన్న “కబూల్ హై” మైకులో వినిపించింది. పరదా కింద నుంచి ఖుబానీ పళ్ల మీఠా గిన్నె నా వైపు జరిగింది.

“పెదాలు కదిలినయి బేటా. చూసిన,” అంది దాదీమా.

మర్నాడు పెళ్లికొడుకు దుకాణానికి వచ్చి ఏదో మర్యాదగా మాట్లాడాడు. ఒక్క ముక్కా నా చెవికెక్కలేదు. అతని చెంపనే వెతుకుతున్నాను. ఉంది, కుడి కంటి కింద, నువ్వుగింజంత.

ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను.

“ఇగ నిక్కు,” అంది.