సెవిల్ బజారులో ఆంటీ కూర్చుని తిన్న పూట

వంటల ఆంటీ పోయారన్న కబురు నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. “కేటరింగ్ ఆంటీ నో మోర్. ఓం శాంతి. శనివారం మా బాబు బర్త్‌డేకి పులిహోర ఆర్డర్ ఇచ్చాం. ఇంకెవరైనా చేసేవాళ్లుంటే నంబర్ పెట్టండి ప్లీజ్.” దాని కింద వరసగా దండం బొమ్మలు. ఆ దండాలు ఆవిడకో, పులిహోరకో! ఒళ్లు మండిపోయింది. మనిషిని ఇంకా సాగనంపనైనా లేదు.

అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా టౌన్‌హోమ్‌ల వరసలో చివరి ఇల్లు ఆవిడది. తెనాలి వైపు మనిషి. భర్త పోయాక ఒక్కరే ఉంటూ వంటలు చేసి ఇచ్చేవారు. సాంబారు రుచి చూడరు, వాసన చూసి ఉప్పు చెప్పేస్తారు. డబ్బాల కోసం వెళ్లినవాళ్లని గుమ్మంలోంచి పంపరు. “కాస్త ఎంగిలిపడి వెళ్లమ్మాయ్. నిలబడి తిన్నది ఒంటికి పట్టదు, కూర్చో” అనేవారు. ఆవిడ మాత్రం పొయ్యి పక్కన నిలబడే తినేవారు. నా కాన్పుకి మా అమ్మకి వీసా రాకపోతే, నెల రోజులు పథ్యం వండి తెచ్చింది ఆవిడే.

నాలుగేళ్ల కిందట స్ప్రింగ్ బ్రేక్‌కి మా నాలుగు కుటుంబాలు స్పెయిన్ వెళ్లాయి. “ఆంటీ, మీరూ రండి. టికెట్ మేమే బుక్ చేస్తాం, మీకూ కాస్త చేంజ్‌గా ఉంటుంది” అన్నారు మా గ్రూప్ అడ్మిన్ గారు. పాపం, ఆవిడ నిజమే అనుకున్నారు. ఊళ్లు తిరగడానికి కొత్త బూట్లు కూడా కొనుక్కున్నారు. సెవిల్‌లో అద్దెకు తీసుకున్న ఇంట్లో అడుగుపెట్టీ పెట్టగానే అడ్మిన్ గారు సూట్‌కేసు తెరిచి రైస్ కుక్కరు, కందిపప్పు, చింతపండు తీసి వంటింటి గట్టు మీద పెట్టారు. “జస్ట్ పప్పూ రసం చాలు ఆంటీ. పిల్లలు బయట ఫుడ్ తినరు.” నేనూ అక్కడే ఉన్నాను. నోరెత్తలేదు. పైగా ఆ రసం రెండుసార్లు పోయించుకున్నాను, సిగ్గులేకుండా.

ఫోన్లో యాప్ పెట్టుకుని నాలుగు స్పానిష్ ముక్కలు నేర్చుకున్న పాపానికి, రోజూ పొద్దున కూరగాయలకి ఆంటీకి తోడు నన్ను పంపారు. అదే నా పుణ్యమని ఇప్పుడనిపిస్తుంది. పెద్ద కప్పు కింద బజారు. ఒకపక్క వేలాడదీసిన పంది తొడలు, ఇంకోపక్క ఐసు మీద చేపలు, పీపాల నిండా ఆలివ్ కాయలు. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారనుకున్నాను. ఆవిడేమో వంగి చేప కళ్లు చూసి, “తాజాదేనే!” అన్నారు.

మనం బెండకాయ కొస విరవకుండా కొంటామా? ఆంటీ కూడా అలాగే బీన్స్ విరవబోతే కొట్టామె చెయ్యి అడ్డం పెట్టి గద్దించింది. అక్కడ కొనేవాళ్లు సరుకు ముట్టుకోకూడదట, అమ్మేవాళ్లే ఏరి ఇస్తారట.

“ముట్టుకోవద్దంటోంది ఆంటీ.”

“ముట్టుకోకపోతే లేతో ముదరో ఎట్లా తెలుస్తుందంటా? అడుగు!”

నా స్పానిష్ అంత దూరం పోదు. ఆంటీయే గాల్లో వేళ్లతో విరిచి, చెవి చూపించారు. కొట్టామె పకపకా నవ్వి, తనే ఒక కాయ విరిచి ఆ చప్పుడు వినిపించింది. మర్నాటి నుంచి ఆంటీ కనపడితే చాలు, కాయ విరిచేది.

నాలుగో రోజు, బజారు చివర చిన్న వంటల కొట్టు ముందు ఆంటీ ఆగిపోయారు. “జీలకర్రా వెల్లుల్లీ వేయించిందే!” లోపల ఒక ముసలామె పాలకూరా శనగలూ కలిపి ఉడికిస్తోంది. ఆంటీ కాసేపు చూసి, “ఇంకొకళ్లు వండింది తిని ఎన్నాళ్లయిందో అమ్మాయ్. ఒక్క పూట కూర్చుని తినాలనుంది” అన్నారు. కూర్చున్నాం. అంతలోనే అడ్మిన్ గారి ఫోను. “ఆంటీ, లంచ్ ఎన్నింటికి? పిల్లలకి ఆకలేస్తోంది.”

“ఈ పూట నేను వండను నాయనా. కుక్కర్లో బియ్యం పోసి మీట నొక్కు, అదే ఉడుకుద్ది” అని ఫోను నా చేతిలో పెట్టేశారు.

అంతే! “ఆంటీకి స్పెయిన్ తలకెక్కింది” అని తిరుగు ఫ్లైట్ దాకా సణుగుడే. ఆ తర్వాత ఏ ట్రిప్పుకీ ఆవిడని పిలవలేదు. ఆర్డర్లు మాత్రం మానలేదు.

మొన్న సంతాప సభలో అదే అడ్మిన్ గారు మైకు పట్టుకున్నారు. “స్పెయిన్‌లో కూడా ఆంటీ మనకి హోమ్ ఫుడ్ మిస్ కానివ్వలేదు. వండి పెట్టడమే ఆవిడ ప్రాణం. తనకంటూ ఏదీ కోరుకోలేదు.”

ఇంక కూర్చోలేకపోయాను. “కోరుకున్నారండీ! ఒక్క పూట కోరుకున్నారు. మీరు ఫోన్ చేశారు.”

“ఇప్పుడెందుకమ్మా అవన్నీ?” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

“ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? ఆవిడ ఏది ఇష్టంగా తినేవారో ఒక్కరు చెప్పండి.”

అడిగానే గానీ, నాకు మాత్రం తెలుసా? ఆ ఒక్క కూర తప్ప తెలీదు. నా గృహప్రవేశానికీ ఆవిడ వంటే, నా బిడ్డ అన్నప్రాశనకీ ఆవిడ వంటే. పదేళ్లలో ఒక్కసారి, “ఆంటీ, మా ఇంటికి భోజనానికి రండి” అన్న పాపాన పోలేదు. ఆవిడ ముందు నా వంటేం బాగుంటుందిలే అని సిగ్గుపడ్డానని సర్దిచెప్పుకునేదాన్ని. అబద్ధం. నాకు తోచనే లేదు. అందరి మీదా లేచిన కోపంలో నా వాటా నాకుంది.

ఆ రోజు సెవిల్ బజారులో ఆంటీ పళ్లెం ఖాళీ చేసి, అలవాటు కొద్దీ దాన్ని పట్టుకుని లేచి, కడగడానికి కుళాయి కోసం అటూ ఇటూ చూశారు. లోపల్నుంచి ముసలామె గరిటె ఊపుతూ గట్టిగా ఏదో అంది.

“ఏమంటోందే?” అన్నారు ఆంటీ కంగారుగా.

“కూర్చోమంటోంది ఆంటీ. ఇంకాస్త వడ్డిస్తుందట.”

ఆవిడ మెల్లగా మళ్లీ కూర్చున్నారు. చీర కుచ్చిళ్ల కింద కొత్త బూట్లు దగ్గరకి చేర్చుకుని, పళ్లెం రెండు చేతులతో ముందుకి చాపారు. గరిటె ఒకసారి వచ్చింది, రెండోసారి వచ్చింది, మూడోసారి వచ్చింది. ఆంటీ చాలు అనలేదు.